సంక్షేమ పథకాలపై పరిశోధించే ఎకనామిక్స్ ప్రొఫెసర్ కావడం ఎలా?

రేషన్ బియ్యం, ఉపాధి హామీ కూలి, పింఛను, మధ్యాహ్న భోజనం, ఆరోగ్యశ్రీ. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వీటిలో ఏ ఒక్కదానితోనూ సంబంధం లేని కుటుంబాలు తక్కువ. ఎన్నికలు వచ్చాయంటే వీటి చుట్టూ వాదనలు హోరెత్తిపోతాయి. ఖజానా అంతా పంచేస్తున్నారని కొందరు, పేదల బతుకులు మారిపోయాయని ఇంకొందరు. ఏ మాట ఎంతవరకు నిజమో ఓపిగ్గా లెక్కగట్టి చెప్పేవాళ్లు మాత్రం కొద్దిమందే. ఆ పనే వృత్తిగా చేసేవాళ్లు సామాజిక విధానాలపై పరిశోధించే ఎకనామిక్స్ ప్రొఫెసర్లు.

డిగ్రీలో ఎకనామిక్స్ చదువుతున్నవాళ్ల కోసం, పీజీలో చేరినవాళ్ల కోసం, "ఎకనామిక్స్ చదివి ఏం చేస్తావ్, గ్రూప్స్ రాసుకో" అని ఇంట్లో మాటలు పడుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. దారి చిన్నదేం కాదు. డిగ్రీలో చేరిన రోజు నుంచి లెక్కేస్తే పర్మనెంట్ ఉద్యోగం వచ్చేసరికి పన్నెండు, పదిహేనేళ్లు పట్టొచ్చు. అందుకే ఏ దశలో ఏం చేయాలో ముందే తెలిసి ఉండటం మంచిది.

ముందు ఆ ఉద్యోగం ఎలా ఉంటుందో తెలుసుకోండి

యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు, అసోసియేట్ ప్రొఫెసర్, ప్రొఫెసర్ 14 గంటలు పాఠాలు చెప్పాలి. జవాబు పత్రాలు దిద్దడం, స్కాలర్లకు గైడ్‌గా ఉండటం, మీటింగులు అన్నీ దీనికి అదనం. పరిశోధనకు దొరికేది సాయంత్రాలు, సెలవులు. వేసవి సెలవుల్లో అందరూ విశ్రాంతి తీసుకుంటే మీరు ఊళ్లలో సర్వే చేస్తుంటారు, ఎందుకంటే ఉపాధి పనులు జోరుగా సాగేది అప్పుడే.

జీతం గురించి కూడా చెప్పాలి. ఏడో వేతన సంఘం స్కేలులో అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనం 57,700 రూపాయలతో, ప్రొఫెసర్‌ది 1,44,200 రూపాయలతో మొదలవుతుంది. గౌరవంగా బతకడానికి సరిపోతుంది. కానీ ఆ స్కేలు అందేదాకా మధ్యలో ఫెలోషిప్ మీద, కాంట్రాక్టు జీతం మీద నెట్టుకొచ్చే ఏళ్లుంటాయి. ఈ విషయం ఇంట్లోవాళ్లకు మొదట్లోనే చెప్పేస్తే తర్వాత గొడవలు తగ్గుతాయి.

ఒక పథకాన్ని అడుగు నుంచి నేర్చుకోండి

చాలామంది సాఫ్ట్‌వేర్ కోర్సుతో మొదలుపెడతారు. నేనైతే ముందు ఒక పథకాన్ని ఎంచుకోమంటాను. మీ ఊళ్లో, మీ వీధిలో నడుస్తున్నదై ఉండాలి. దాని చట్టం చదవండి, జీవోలు చదవండి, ఆ తర్వాత అది నడిచే చోటికి వెళ్లి చూడండి.

ఉపాధి హామీనే తీసుకుందాం. 2005లో చట్టం వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో పథకాన్ని ప్రారంభించారు. ఏడాదికి కుటుంబానికి 100 రోజుల పని, పని చేసిన 15 రోజుల్లో కూలి అని ఆ చట్టం రాసింది. వినడానికి రెండే ముక్కలు. కూలీ చేతికి డబ్బు అందేలోపు ఎన్ని మెట్లున్నాయో చూడండి. కూలీల గుంపును చూసుకునే మేట్ హాజరు వేయాలి. మస్టర్, అంటే హాజరు పట్టీ, మండలానికి చేరాలి. టెక్నికల్ అసిస్టెంట్ వచ్చి తవ్విన మట్టిని కొలవాలి. ఆ కొలతను బట్టి కూలి కట్టాలి. కంప్యూటర్లో ఎక్కించాలి. అధికారి ఆమోదించాలి. అప్పుడు బ్యాంకు ఖాతాలోనో, పోస్టాఫీసు ఖాతాలోనో జమ కావాలి. ఏళ్ల తరబడి నడిచిన పద్ధతి ఇది. ఇందులో ఏ మెట్టు దగ్గర ఆగిపోయినా కూలీకి తెలిసేది ఒక్కటే, డబ్బులు పడలేదని. ఏ మెట్టు దగ్గర ఎన్ని రోజులు ఆగింది, ఎవరి డబ్బు ఎక్కువ ఆగింది అని మీరు విడదీసి అడగగలిగితే పరిశోధన ప్రశ్న దొరికినట్టే.

దీనికి మన దగ్గర ఒక మంచి పాఠశాల ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లోనే ఉపాధి హామీకి సామాజిక తనిఖీలు మొదలయ్యాయి, 2009లో వాటికోసం ప్రత్యేకంగా ఒక సొసైటీ ఏర్పాటైంది. తనిఖీ గ్రామసభ జరిగే రోజున వెళ్లి ఒక మూల కూర్చోండి. మస్టర్‌లో ఉన్న పేర్లు, రోజులు, సొమ్ము పైకి చదువుతారు. "ఆ వారం నేను ఊళ్లోనే లేను" అని ఒకామె లేస్తుంది. ఫీల్డ్ అసిస్టెంట్ ఏదో సర్దిచెబుతాడు. కాగితం మీది లెక్కకూ మనుషుల అనుభవానికీ మధ్య ఎంత దూరముందో ఆ రెండు గంటల్లో తెలుస్తుంది. విన్నది తేదీ వేసి రాసుకోండి. పథకాల పేర్లు మారతాయి, నిబంధనలు మారతాయి. ఈ చూసే అలవాటు మాత్రం మీతోనే ఉంటుంది.

లెక్కలు తప్పవు

హెచ్ఈసీ, సీఈసీ చదివి వచ్చినవాళ్లకు టెన్షన్ మొదలయ్యేది ఇక్కడే. ఎంఈసీ చదివినవాళ్లు కాస్త నయం. పీజీలో మంచి చోట సీటు రావాలన్నా, తర్వాత పేపర్లు అర్థం కావాలన్నా లెక్కలు కావాలి. తెలుగు అకాడమీ ఇంటర్ ఎంపీసీ పాత పుస్తకాలు తెచ్చుకోండి. 1ఏలో మాత్రికలు, 1బీలో అవకలనం, 2ఏలో సంభావ్యత, 2బీలో సమాకలనం. రోజుకు గంట చొప్పున కూర్చుంటే ఏడాదిలో పూర్తి చేయొచ్చు. తెలుగులో అర్థమైన లెక్క ఇంగ్లీషులో కొత్తగా భయపెట్టదు. ఆ తర్వాత స్టాటిస్టిక్స్, దాని వెనకే ఎకనామెట్రిక్స్, అంటే డేటాతో ఆర్థిక ప్రశ్నలకు జవాబు వెతికే పద్ధతులు.

సాఫ్ట్‌వేర్‌లో ఆర్ ఉచితం. స్టాటాకు డబ్బు కట్టాలి, అయినా పరిశోధన సంస్థల్లో ఇప్పటికీ బాగా వాడుతున్నారు. ఏదో ఒకటి గట్టిగా నేర్చుకుంటే రెండోది తేలిగ్గానే వస్తుంది.

ఎక్కడ చదవాలి

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటర్ తర్వాత చేరే ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ ఉంది, డిగ్రీ తర్వాత చేరే ఎంఏ కూడా ఉంది. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు, హెచ్‌సీయూకు సీయూఈటీ పీజీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు సొంత ప్రవేశ పరీక్ష ఉంది, అందులో లెక్కలు బాగా గట్టిగా ఉంటాయి. తిరువనంతపురంలోని సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్, ముంబైలోని ఇందిరాగాంధీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డెవలప్‌మెంట్ రీసెర్చ్, మద్రాస్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ కూడా చూడండి. ఆంధ్రా, ఉస్మానియా, కాకతీయ, శ్రీ వేంకటేశ్వర లాంటి రాష్ట్ర యూనివర్సిటీల్లో చదివినా దారి మూసుకుపోదు. అక్కడ లెక్కల భాగం తగ్గితే దాన్ని మీరే సొంతంగా నింపుకోవాలి, అంతే తేడా.

"పథకం లేకపోతే ఏమయ్యేది?"

ఈ వృత్తి మొత్తంలో అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న ఇదే. మిగతా మెళకువలన్నీ దీనికి జవాబు వెతకడానికే పుట్టాయి.

ఒక ఉదాహరణ చూడండి. అంకెలు నేను ఊహించినవి. ఒక మండలంలో ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చారు. బడికి హాజరు 60 శాతం నుంచి 75 శాతానికి పెరిగింది. 15 శాతం పెరుగుదల సైకిళ్ల పుణ్యమే అని అధికారి రిపోర్టు రాస్తాడు. పక్క మండలంలో సైకిళ్లు ఇవ్వలేదు. అక్కడ కూడా హాజరు 62 నుంచి 70కి పెరిగింది. కొత్త రోడ్డు పడి ఉండొచ్చు, వానలు బాగుండి పిల్లల్ని పనికి పంపకపోయి ఉండొచ్చు. అంటే 8 శాతం సైకిల్ లేకున్నా పెరిగేదే. సైకిల్‌కు దక్కే వాటా 7 శాతం. దీన్నే డిఫరెన్స్ ఇన్ డిఫరెన్సెస్ అంటారు. ఇక్కడితో అయిపోలేదు. ఆ రెండు మండలాలూ అంతకుముందు ఐదేళ్లు ఒకే తీరుగా నడిచాయా? సైకిళ్లు ఇచ్చిన మండలాన్ని ఎందుకు ఎంచుకున్నారు? ఎమ్మెల్యే సొంత మండలమనా? ఇవన్నీ అడిగి నిలబడితేనే ఆ 7 శాతానికి విలువ.

ఇంకా గట్టి పద్ధతి లాటరీ. పథకం ముందు ఎవరికి, తర్వాత ఎవరికి అన్నది లాటరీతో తేలిస్తే రెండు గుంపుల మధ్య తేడాకు వేరే కారణం వెతకాల్సిన అవసరం చాలావరకు పోతుంది. ఈ పద్ధతితో పేదరికాన్ని పరిశీలించినందుకే అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, మైకేల్ క్రేమర్‌లకు 2019లో నోబెల్ వచ్చింది. దీనికి పేరున్న ఉదాహరణ ఒకటి మన గడ్డ మీదే జరిగింది. ఉపాధి కూలి, పింఛన్లు వేలిముద్ర స్మార్ట్‌కార్డులతో చెల్లించే పద్ధతిని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 8 జిల్లాల్లో, 157 మండలాల్లో ఏ మండలానికి ముందు తేవాలన్నది లాటరీతో నిర్ణయించారు. ఆ మండలాల జనాభా సుమారు 1.9 కోట్లు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్‌తంకర్ దీన్ని పరిశీలించి 2016లో పేపర్ ప్రచురించారు. కూలి త్వరగా అందింది, ఎప్పుడు అందుతుందో కాస్త ముందే తెలిసేలా అయింది, మధ్యలో మాయమయ్యే సొమ్ము తగ్గింది.

ఇక్కడితో ఆపేస్తే వేలిముద్ర అన్నిచోట్లా మంచిదే అనిపిస్తుంది. అదే ముగ్గురు తర్వాత జార్ఖండ్‌లో రేషన్‌కు ఆధార్ వేలిముద్ర తప్పనిసరి చేసినప్పుడు ఏమైందో చూశారు. అక్కడ కార్డుకు ఆధార్ జతకాని ఇళ్లకు అందే సరుకు తగ్గింది. ఆంధ్రప్రదేశ్‌లో కార్డు లేనివాళ్లకు పాత పద్ధతిలో చెల్లించే వీలు మిగిలే ఉంది. జార్ఖండ్‌లో నిబంధన బిగించారు. యంత్రం దాదాపు ఒకటే, అమలు తీరు వేరు, ఫలితం తారుమారు. సామాజిక విధానాల పరిశోధకుడు ఇంత సూక్ష్మంగా చూడాలి. "ఆధార్ మంచిదా, చెడ్డదా" అని అడిగేవారికి మీరు "ఎక్కడ, ఏ నిబంధనతో, వేలిముద్ర పడనప్పుడు ఏం చేస్తున్నారు" అని ఎదురడగగలగాలి.

లాటరీ అన్నిసార్లూ కుదరదు. 1983లో వచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం లాంటి పథకం ఒకేసారి రాష్ట్రమంతా వస్తుంది. అప్పుడు ఆదాయ పరిమితికి కాస్త అటూ ఇటూ ఉన్న కుటుంబాలను పోల్చడం లాంటి దారులు వెతకాలి. ఇంకోమాట కూడా గుర్తుంచుకోండి. అన్ని మంచి ప్రశ్నలకూ ఇలాంటి పోలికతోనే జవాబు రాదు. బెల్జియంలో పుట్టి 2002లో భారత పౌరసత్వం తీసుకున్న జాన్ ద్రెజ్ దశాబ్దాలుగా విద్యార్థులను వెంటబెట్టుకుని ఊళ్లు తిరుగుతూ సర్వేలు చేస్తున్నారు. ఎవరికి అందింది, ఎవరికి అందలేదు, ఎందుకు అందలేదు అని నేరుగా లెక్కించే అలాంటి పని కూడా ఈ రంగంలో అంతే అవసరమైనదని నా నమ్మకం.

ఉచితంగా దొరికే డేటాతో చేయి తిప్పుకోండి

సొంత సర్వేకు డబ్బు కావాలి. అది వచ్చేలోపు చేయాల్సిన పని చాలా ఉంది. కేంద్ర గణాంక మంత్రిత్వ శాఖ వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేసుకుంటే 2017-18 నుంచి జరుగుతున్న కార్మిక సర్వే, 2022-23, 2023-24 గృహ వినియోగ వ్యయ సర్వేల డేటా కుటుంబాల వారీగా దొరుకుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత 2019-21లో జరిగింది, అదీ ఉచితమే. ఈ డేటా వాడేటప్పుడు ప్రతి కుటుంబం పక్కన ఉండే మల్టిప్లయర్ అనే అంకెను వదిలేయకండి. ఒక్కో కుటుంబం ఎన్ని కుటుంబాలకు ప్రతినిధో అది చెబుతుంది. అది వేయకుండా సగటు తీస్తే మీ అంకె ప్రచురిత నివేదికలోని అంకెతో కలవదు. అందుకే మొదటి కసరత్తుగా నివేదికలోని ఒక పట్టిక ఎంచుకుని అదే అంకె మీకూ వచ్చేదాకా చేయండి. కొత్తగా ఏదో కనిపెట్టేయాలన్న తొందర అప్పుడే వద్దు.

మన వాళ్లకు ప్రత్యేకంగా పనికొచ్చేది యంగ్ లైవ్స్ డేటా. 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 3,000 మంది పిల్లల్ని ఏళ్ల తరబడి వెంబడించిన అధ్యయనం ఇది. అప్పటికి ఏడాది వయసున్న 2,000 మంది, ఎనిమిదేళ్లున్న 1,000 మంది. ఇథియోపియా, పెరూ, వియత్నాంలలో కూడా ఇలాగే చేశారు. ఒక పిల్ల చిన్నప్పటి తిండికీ, తర్వాతి చదువుకూ, ఆపై పెళ్లి వయసుకూ మధ్య సంబంధం చూడాలంటే ఇలాంటి డేటా మరెక్కడా అంత సులువుగా దొరకదు. ఇక్కడ ఈ పనిలో పాలుపంచుకున్న సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్ 1980లో హైదరాబాద్‌లో మొదలైంది. బేగంపేటలోని ఆ సంస్థకు వెళ్లి లైబ్రరీ వాడుకోండి, సెమినార్లకు కూర్చోండి.

సర్కారు దగ్గరున్న లెక్క వెబ్‌సైట్‌లో లేకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన దగ్గర గ్రామ స్థాయి కార్యాలయానికి ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపై కార్యాలయాలకు 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. "పథకం వివరాలు ఇవ్వగలరు" అని రాస్తే ఏమీ రాదు. ఏ మండలం, ఏ నెల నుంచి ఏ నెల వరకు, ఏ రిజిస్టరు నకలు కావాలో రాయండి.

ఇంటి ముందు నిలబడి అడగడం

"మీకు రేషన్ సరిగ్గా అందుతోందా?" అని అడిగి చూడండి. పదిమందిలో తొమ్మిదిమంది "ఆఁ, అందుతోంది" అంటారు. మీరెవరో వాళ్లకు తెలియదు, డీలర్ మనిషేమో అన్న అనుమానం కూడా ఉంటుంది. అదే ఇంట్లో ఇలా అడగండి. కార్డులో ఎంతమంది పేర్లున్నాయి? ఇంట్లో ఉండేది ఎంతమంది? పోయిన నెల బియ్యం ఏ తారీఖున తెచ్చుకున్నారు? ఎన్ని కిలోలు పోశారు? ఎన్నిసార్లు తిరిగారు? ఎవరి వేలిముద్ర పడింది? 2013 ఆహార భద్రత చట్టం కింద మనిషికి నెలకు 5 కిలోలు రావాలి. కార్డులో నలుగురుండి 16 కిలోలే వచ్చాయంటే తేడా మీ కాగితం మీదే తేలుతుంది. జవాబిచ్చినవాళ్లు ఫిర్యాదు చేయలేదు, మీరు ఆరోపించలేదు, లెక్క మాత్రం బయటపడింది.

ఎవర్ని అడుగుతున్నారన్నది కూడా ముఖ్యం. ఇంటి పెద్ద ముందుకొచ్చి "నేను చెబుతా" అంటాడు. బియ్యం తెచ్చేది, వండేది, పనికి వెళ్లేది ఆ ఇంటి ఆడమనిషి అయినప్పుడు ఆమెనే అడగాలి. అందుకు సర్వే బృందంలో ఆడవాళ్లు ఉండాలి. కూలి ఇళ్లకు పొద్దున ఏడింటిలోపో, సాయంత్రం పొద్దుగూకాకో వెళ్లాలి. పదకొండింటికి వెళ్తే ఇంట్లో ఉన్నవాళ్ల లెక్కే వస్తుంది, పనికి వెళ్లినవాళ్లు జారిపోతారు. "వేతన ఉపాధి" అని అడగకండి. వంద రోజుల పని, కరువు పని, ఆ ఊళ్లో ఏమంటే అదే అనండి. ఏడాది మొత్తం గురించి అడిగితే గుర్తుండదు, పోయిన వారం గురించి అడగండి. ఇరవై ఇళ్లలో ముందు ప్రయత్నించి చూసి, తికమకపెట్టిన ప్రశ్నలు మార్చాకే అసలు సర్వేకు దిగండి. సర్వే అయ్యాక కొన్ని ఇళ్లకు వేరే మనిషిని పంపి నాలుగైదు ప్రశ్నలు మళ్లీ అడిగించండి.

ఇక వదలకూడని నియమాలు కొన్ని ఉన్నాయి. ఎందుకు అడుగుతున్నారో చెప్పి, ఇష్టమైతేనే జవాబివ్వమనండి. మధ్యలో ఆపేస్తానంటే ఆపనివ్వండి. పేర్లు, ఫోన్ నంబర్లు ఒక ఫైలులో, జవాబులు ఇంకో ఫైలులో, రెండింటినీ కలిపేది ఒక కోడ్ నంబరు మాత్రమే. "మీరు రాసుకుంటే మాకు పింఛను వస్తుందా సార్?" అని చాలా ఇళ్లలో అడుగుతారు. రాదని అక్కడే చెప్పేయండి. ఆశ పెట్టి సమాచారం తీసుకోవడం తప్పు. దరఖాస్తు ఎక్కడ పెట్టాలో తెలిస్తే, సర్వే పూర్తయ్యాక చెప్పండి.

నెట్, గైడ్, పీహెచ్‌డీ

అధ్యాపక ఉద్యోగానికి అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్ సాధారణంగా ఏడాదికి రెండుసార్లు, జూన్, డిసెంబర్ సెషన్లకు జరుగుతుంది. మొదటి పేపర్ 50 ప్రశ్నలు, రెండోది 100 ప్రశ్నలు, మొత్తం 300 మార్కులు, తప్పు జవాబుకు మార్కు పోదు. జేఆర్‌ఎఫ్, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు. జనరల్ అభ్యర్థులకు 30 ఏళ్ల వయోపరిమితి ఉంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు ఐదేళ్లు సడలింపు. 2024 నుంచి నెట్ స్కోరును పీహెచ్‌డీ ప్రవేశాలకు కూడా లెక్కలోకి తీసుకుంటున్నారు. ఆంధ్రా యూనివర్సిటీ, ఉస్మానియా నిర్వహించే సెట్ పరీక్షలు ఆయా రాష్ట్రాల్లో అధ్యాపక ఉద్యోగానికి అర్హతనిస్తాయి, ఫెలోషిప్ మాత్రం ఇవ్వవు. ఎస్సీ విద్యార్థులకు కేంద్ర నేషనల్ ఫెలోషిప్ వేరుగా ఉంది. భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి కూడా పీహెచ్‌డీ ఫెలోషిప్పులు ఇస్తుంది.

గైడ్ ఎంపికలో పేరు కన్నా పని చూడండి. పోయిన ఐదేళ్లలో ఏం రాశారు? ఆయన లేదా ఆమె దగ్గర చేరిన స్కాలర్లు ఎన్నేళ్లలో థీసిస్ ఇచ్చారు, ఇప్పుడు ఎక్కడున్నారు? సీనియర్ స్కాలర్‌ను క్యాంటీన్‌లో కలిసి అడిగితే నిజం తెలుస్తుంది. పరిశోధనకు సంబంధం లేని సొంత పనులు చేయించుకునే చోటికి, ఎంత పెద్ద పేరున్నా, వెళ్లకండి. చేరిన తర్వాత మార్చుకోవడం చాలా కష్టం.

విదేశాలకు వెళ్లాలనుకుంటే అమెరికాలో మంచి పీహెచ్‌డీ సీటంటే ఐదారేళ్లు ఫీజు లేకుండా, స్టైపెండ్‌తో ఉంటుంది. దరఖాస్తులు ఎక్కువగా డిసెంబర్‌లో ముగుస్తాయి. మూడు సిఫార్సు లేఖలు కావాలి, వాటి బరువే ఎక్కువ. అందుకే చాలామంది ముందు రెండేళ్లు రీసెర్చ్ అసిస్టెంట్‌గా పనిచేస్తారు. జె-పాల్ అనే పరిశోధన కేంద్రపు దక్షిణాసియా విభాగంలాంటి చోట్ల ఈ ఉద్యోగాలు పడుతుంటాయి. ఫీల్డ్‌లో తెలుగు ధారాళంగా మాట్లాడుతూ, కోడ్ శుభ్రంగా రాసే మనిషి ఇక్కడ జరిగే ప్రాజెక్టులకు ఎంతో అవసరం. తెలుగు మీడియం నుంచి వచ్చామని కుంగిపోయేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

పేపర్ రాయడం, ఉద్యోగం వెతకడం

థీసిస్ మొత్తం పూర్తయ్యేదాకా ఆగకండి. ఒక అధ్యాయం గట్టిగా నిలబడగానే సెమినార్‌లో చెప్పండి. ముంబై నుంచి వచ్చే ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ విధానాలపై రాసేవాళ్లకు మంచి వేదిక, అక్కడ ప్రచురితమైతే అధికారులు కూడా చదువుతారు. అంతర్జాతీయ జర్నళ్లలో సమీక్ష ఏడాది, రెండేళ్లు సాగడం మామూలే. తిరస్కరిస్తూ రాసిన ఉత్తరంలోనూ సమీక్షకులు చూపిన లోపాలుంటాయి, వాటిని సరిచేసి ఇంకోచోటికి పంపండి. డబ్బు కడితే వారంలో వేస్తామని మెయిల్ పెట్టే జర్నళ్లకు మాత్రం దూరంగా ఉండండి. ఆ పేర్లు ఒకసారి బయోడేటాలో ఎక్కితే ఇంటర్వ్యూ బోర్డులో తెలిసినవాళ్లు వెంటనే గుర్తుపడతారు.

నిబంధనల ప్రకారం నేరుగా అసోసియేట్ ప్రొఫెసర్ పోస్టుకు పీహెచ్‌డీ, ఎనిమిదేళ్ల అనుభవం, కనీసం 7 ప్రచురణలు కావాలి. ప్రొఫెసర్‌కు పదేళ్లు, 10 ప్రచురణలు. రాష్ట్ర యూనివర్సిటీల్లో నియామకాలు ఏళ్ల తరబడి ఆగిపోవడం, అర్హులు కాంట్రాక్టు మీదే వయసు మళ్లడం చూస్తూనే ఉన్నాం. ఇది అన్యాయం. దానికోసం ఎదురుచూస్తూ ఒక్కచోటే ఉండిపోకండి. కేంద్రీయ విశ్వవిద్యాలయాలు, ఐఐటీల హ్యుమానిటీస్ విభాగాలు, ప్రైవేటు యూనివర్సిటీలు, పరిశోధన సంస్థలు అన్నిటికీ దరఖాస్తు చేయండి.

ఫలితం వచ్చాక

మీ ఫలితం ఎవరికీ నచ్చకపోవచ్చు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 180 గ్రామాల్లో లాటరీతో పిల్లలకు ప్రైవేటు బడి వోచర్లు ఇచ్చి చూసిన అధ్యయనం ఒకటుంది. ప్రైవేటు బడికి వెళ్లిన పిల్లలు తెలుగులో, లెక్కల్లో సర్కారు బడి పిల్లలను మించలేదు. హిందీలో మాత్రం మెరుగ్గా ఉన్నారు. ఒక్కో పిల్లకు ప్రైవేటు బడి ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడోవంతు కన్నా తక్కువ. ప్రైవేటే గొప్ప అనేవాళ్లకూ, సర్కారు బడే మేలు అనేవాళ్లకూ ఇందులో సగం తీపి, సగం చేదు. టీవీ చర్చకు పిలిచి సగమే చెప్పమంటే ఒప్పుకోకండి, రెండు సగాలూ చెప్పండి. లాటరీ వేసే అధ్యయనమైతే ఏం కొలుస్తారో ముందుగానే బహిరంగ రిజిస్ట్రీలో నమోదు చేయండి. తర్వాత అంకెలు మార్చారన్న మాట రాదు.

అధికారికి ఇచ్చే నోట్ రెండు పేజీలు దాటకూడదు. ఏ మెట్టు దగ్గర ఎంత నష్టం, సరిచేయడానికి ఎవరు ఏ ఉత్తర్వు ఇవ్వాలి అన్నది మొదటి పేజీలోనే ఉండాలి. ఆ తర్వాత సర్వే చేసిన ఊళ్లకు కూడా లెక్క అప్పజెప్పాలి. తెలుగులో ఒక్క కాగితం చాలు. ఎన్ని ఇళ్లలో అడిగాం, ఏం తేలింది, ఎక్కడ అడిగితే పని జరుగుతుంది. ఎవరి పేరూ, ఎవరి ఇంటి వివరమూ ఉండకూడదు. పది ఇళ్లే ఉన్న వాడ గురించి విడిగా అంకె వేస్తే ఎవరు చెప్పారో డీలర్‌కు తెలిసిపోతుంది, కాబట్టి చిన్న గుంపుల అంకెలు కలిపి వేయండి. గ్రామసభ రోజు చూసుకుని వెళ్లి, కాగితం పంచి ఊరుకోకుండా పైకి చదివి వినిపించండి. చదవడం రానివాళ్లు అక్కడ చాలామంది ఉంటారు, మీ ప్రశ్నలకు జవాబులిచ్చింది ఎక్కువగా వాళ్లే.